చీజ్‌ను మార్చేసిన ఉప్పు

స్విట్జర్లాండ్‌ వాళ్ల ఎమెంటాల్ చీజ్‌ను ఎండలు మండే దేశాలకు పంపడం పెద్ద చిక్కుగా ఉండేది. నెలల తరబడి మాగిన చీజ్, వేడి తగిలితే నూనె కారి పాడయ్యేది. 1911లో తూన్ పట్టణంలో వాల్టర్ గెర్బర్, ఫ్రిట్జ్ స్టెట్లర్ దీనికి దారి కనుక్కున్నారు. చీజ్‌లో సోడియం సిట్రేట్ అనే లవణం వేసి, వేడిచేస్తూ కలియబెడితే నూనె వేరుపడకుండా నున్నటి ముద్ద అయింది. ఎక్కువ రోజులు నిలవ కూడా ఉంది. ప్రాసెస్డ్ చీజ్ అలా పుట్టింది.

ఆ లవణం ఏం చేసిందో తెలియాలంటే చీజ్ తయారీ చూడాలి. పాలలో బ్యాక్టీరియా కల్చర్ వేసి కాస్త పులియనిచ్చి, రెన్నెట్ అనే ఎంజైమ్‌తో గడ్డకట్టిస్తారు. గడ్డను కోసి, నీరు వార్చి, ఉప్పు పట్టించి, అచ్చుల్లో నొక్కి మాగబెడతారు. చెడ్డర్ అనే గట్టి చీజ్ కిలో చేయాలంటే దాదాపు 10 లీటర్ల ఆవుపాలు కావాలి. మాగినన్నాళ్లూ లోపల బ్యాక్టీరియా, ఎంజైములు ప్రోటీన్‌నీ కొవ్వునీ విడగొడుతూనే ఉంటాయి. అందుకే రెండు నెలల చెడ్డర్‌కీ ఏడాది చెడ్డర్‌కీ రుచిలో పోలికే ఉండదు. (మన పనీర్‌లో రెన్నెట్ లేదు, మాగబెట్టడం లేదు. పులుపుతో పాలు విరగ్గొట్టి చేసేది అది.)

చీజ్‌లోని కేసీన్ అనే ప్రోటీన్‌ను కాల్షియం గట్టిగా కట్టి ఉంచుతుంది. సిట్రేట్ ఆ కాల్షియాన్ని లాగేసుకుంటుంది. వదులైన కేసీన్ నీటినీ కొవ్వునీ కలిపి పట్టుకుంటుంది. వేడికి బ్యాక్టీరియా చాలావరకు చస్తుంది కాబట్టి మాగడం ఆగిపోతుంది. నిలవ దక్కింది, కాలంతో పెరిగే రుచి పోయింది. పైగా సోడియం పెరిగింది. బీపీ ఉన్నవాళ్లు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

అమెరికాలో జేమ్స్ క్రాఫ్ట్ 1916లో తన పద్ధతికి పేటెంట్ తీసుకున్నాడు. మొదటి ప్రపంచయుద్ధంలో సైన్యానికి ఆయన కంపెనీ డబ్బాల చీజ్ సరఫరా చేసింది. అసలు పేచీ ఆ తర్వాత మొదలైంది. ఎలాగూ కరిగిస్తున్నారు కాబట్టి పాలపొడి, వే పొడి (చీజ్ చేసేటప్పుడు వార్చేసిన నీటి నుంచి వచ్చేది), నీళ్లు కలపడం సులువైంది. చివరికి ఎంత చీజ్ ఉంటే చీజ్ అనాలన్న ప్రశ్న చట్టం దాకా వెళ్లింది. అమెరికాలో ‘ప్రాసెస్ చీజ్ ఫుడ్’ అని రాయాలంటే బరువులో కనీసం 51 శాతం చీజ్ ఉండాలి. 2002లో క్రాఫ్ట్ కంపెనీ వాళ్ల వెల్వీటా లేబుల్ మీద ఉన్న ‘ప్రాసెస్ చీజ్ స్ప్రెడ్’ అనే పేరుకు అమెరికా ఆహార నియంత్రణ సంస్థ అభ్యంతరం చెప్పింది. ఆ పేరుకున్న నిబంధనలో చోటులేని మిల్క్ ప్రోటీన్ కాన్సంట్రేట్ (పాల ప్రోటీన్‌ను చిక్కబరిచిన పదార్థం) అందులో ఉండటమే కారణం. తర్వాత దాని పేరు ‘ప్రిపేర్డ్ చీజ్ ప్రాడక్ట్’గా మారింది.

నా దృష్టిలో ప్రాసెస్డ్ చీజ్‌ను నకిలీ అనడం అన్యాయం. అది చీజ్‌తోనే తయారవుతుంది. చీజ్‌లా కనిపించేలా చేసే ‘అనలాగ్’ సంగతి వేరు. అందులో పాల కొవ్వు బదులు పామాయిల్ లాంటి నూనె వాడతారు, ధర తక్కువ. ప్యాకెట్ కొంటే వెనక ఉన్న పదార్థాల జాబితా చదువుకోవచ్చు. బేకరీలో పిజ్జా మీద కరిగినది ఏదో తెలిసే వీలు లేదు. అది ఏ రకమో మెనూలోనే రాయమని అడిగే హక్కు డబ్బిచ్చి తినేవాళ్లకు ఉంది.