ఫీజు బాకీ తల్లి పేరు మీదికి ఎలా వచ్చింది?

మళ్లీ అదే గొడవ. రిజల్ట్స్ వచ్చాయి, ఫలానా తేదీకి వచ్చి చేరమని కంపెనీ మెయిల్ పెట్టింది, ప్రభుత్వం ఇవ్వాల్సిన ఫీజు బాకీ ఉందని ఒరిజినల్ సర్టిఫికెట్లు మాత్రం కాలేజీ బీరువాలోనే ఉన్నాయి. శ్రీకాకుళంలోనో విజయనగరంలోనో కలెక్టరేట్ ముందు విద్యార్థులు కూర్చోగానే పార్టీలు రంగంలోకి దిగుతాయి. 2025 మార్చి 12న వైసీపీ ‘యువత పోరు’ పేరుతో కలెక్టరేట్లకు కదిలినప్పుడు ముందు పెట్టిన డిమాండ్లలో ఫీజు బకాయిలు ఒకటి. ఆ బకాయిలు మీరు పెట్టి వెళ్లినవేగా అన్నది కూటమి జవాబు. వేల కోట్ల లెక్క వాళ్లూ వాళ్లూ తేల్చుకుంటారు. టీసీ కోసం తిరుగుతున్న పిల్లకి అంతకంటే ముందు తేలాల్సింది ఒకటుంది. కాలేజీ లెడ్జర్‌లో బాకీదారు ప్రభుత్వమా, తనా?

పేద పిల్లల కాలేజీ ఫీజు ప్రభుత్వమే కట్టే ఫీజు రీయింబర్స్‌మెంట్ రాజశేఖరరెడ్డి హయాంలో ఎలా మొదలైందో, పల్లెల నుంచి ఎంతమంది ఇంజినీరింగ్‌కి వెళ్లారో చాలాసార్లు చెప్పుకున్నదే. నా దృష్టిలో ఈ కథకి అసలు మలుపు 2021 ఏప్రిల్ 19.

ఆ రోజు జగన్ ప్రభుత్వం విద్యా దీవెన (రీయింబర్స్‌మెంట్‌కి వాళ్లు పెట్టిన పేరు) డబ్బుని మొదటిసారి తల్లుల ఖాతాల్లో వేసింది. పది లక్షలకు పైగా విద్యార్థుల ఫీజు అది. అంతకుముందు ఈ సొమ్ము ట్రెజరీ నుంచి నేరుగా కాలేజీకి వెళ్లేది. ఇకపై మూడు నెలలకోసారి తల్లి ఖాతాలో పడుతుంది, ఆమే వెళ్లి కట్టాలి. ఫీజు తన చేత్తో కట్టే తల్లి పాఠాలు సరిగ్గా చెబుతున్నారా అని అడగగలదు, కాలేజీకి జవాబుదారీతనం వస్తుంది అన్నది ప్రభుత్వం చెప్పిన కారణం. వినడానికి బాగుంది. అడ్మిషన్ రోజు తప్ప కాలేజీ గేటు దాటని తల్లులు మన జిల్లాల్లో ఎంతమందో మాత్రం ఎవరూ లెక్కేసినట్టు లేదు.

ఆఫీసు కౌంటర్ దగ్గర మారింది ఇంకొకటి. అప్పటిదాకా డబ్బు రాకపోతే ప్రిన్సిపాల్, కరస్పాండెంట్ కలిసి సాంఘిక సంక్షేమ శాఖ చుట్టూ తిరిగేవారు. బాకీ ప్రభుత్వానిదని వాళ్లకీ తెలుసు. తల్లి ఖాతా మధ్యలోకి వచ్చాక ఆ తిరుగుడు తగ్గింది. ‘ప్రభుత్వం నుంచి విడత రాకపోయినా ఫీజు మేమే చెల్లించగలము’ అని రాసి ఉన్న అండర్‌టేకింగ్ కాగితం అడ్మిషన్ ఫారంతో పాటే వచ్చేది. కింద విద్యార్థి సంతకం, పక్కన అమ్మ వేలిముద్ర. విడత పడ్డా కొందరు తల్లులు కట్టడం లేదన్నది యాజమాన్యాల ఫిర్యాదు. అది పూర్తిగా అబద్ధం కాదు. నాన్న చెన్నైలో భవన నిర్మాణంలోనో, గుజరాత్ వేరావల్‌లో బోటు మీదో ఉన్న ఇంట్లో, ఆకుమళ్ల రోజుల్లో డబ్బు పడితే అది ముందు ఎరువుల కొట్టుకే వెళుతుంది. వచ్చే నెల కట్టేద్దాం అనుకుంటారు. వచ్చే నెల ఇంకో ఖర్చు తగులుతుంది.

కాలేజీలు హైకోర్టుకి వెళ్లాయి. 2021 సెప్టెంబరులో సింగిల్ జడ్జి, ఫీజు కాలేజీల ఖాతాల్లోకే వెళ్లాలని తీర్పు ఇచ్చారు. ఆ తర్వాత కూడా విడతలు తల్లుల ఖాతాల్లోకే వెళ్లాయి. ప్రభుత్వం బటన్ నొక్కుతూనే ఉంది. 2024 మార్చి 1న నొక్కిన బటన్ చివరిది. ఆ డబ్బు అందరికీ అందక ముందే ఎన్నికలొచ్చాయి, పోలింగ్ అయ్యేదాకా పథకాల జమ ఆపమని మే నెలలో ఎన్నికల సంఘం చెప్పింది. ఆ బ్యాచ్ చివరి సంవత్సరం పిల్లలే సర్టిఫికెట్ల కోసం ఎక్కువగా తిరిగింది.

ఇక్కడ ఒకటి ఒప్పుకోవాలి. 2021కి ముందు కూడా కాలేజీలు ఒరిజినల్స్ ఆపేవి. 2012లో కిరణ్‌కుమార్ రెడ్డి ప్రభుత్వం ఎంసెట్‌లో పదివేల ర్యాంకు దాటిన బీసీ, ఈబీసీ పిల్లలకి 35 వేలే ఇస్తామన్నాక మిగతాది పిల్లల మీదే పడింది. కానీ అప్పుడు ఆ తేడా ఎంతో సీటు తీసుకునే రోజే తెలిసేది. ఇప్పుడు నడుస్తున్నది వేరు. పూర్తి ఫీజు ప్రభుత్వానిదే అని చెప్పి చేర్చుకున్న సీటుకి, నాలుగేళ్ల తర్వాత ఇంటి పేరు మీద బాకీ తేలుతోంది.

ఈ బాకీని బ్యాంకు ఎడ్యుకేషన్ లోన్‌తో పోల్చి చూస్తే కోపం రాక మానదు. బ్యాంకు లోన్‌లో కోర్సు నడిచినన్నాళ్లూ, ఆ తర్వాత ఒక ఏడాదీ వాయిదా కట్టక్కర్లేదు. నాలుగు లక్షల దాకా పూచీకత్తు అడగరు. ఇంటి ఆదాయం నాలుగున్నర లక్షల లోపు ఉంటే ఆ మారటోరియం కాలానికి వడ్డీని కేంద్రం భరించే పథకం 2009 నుంచి ఉంది. తిరిగి కట్టడానికి పదిహేనేళ్ల దాకా టైం ఇస్తారు. కాలేజీ బాకీకి మారటోరియం లేదు. జీతం మొదలవకముందే, ఆ జీతం రావడానికి కావలసిన కాగితాన్నే పట్టుకుని మొత్తం ఒకేసారి కట్టమంటారు. పోనీ బ్యాంకుకే వెళ్లి ఉండొచ్చుగా అంటే, ప్రభుత్వమే కడుతుందన్న ఫీజుకి ఎవరు లోన్ పెట్టుకుంటారు? 2024 నవంబరులో కేంద్రం తెచ్చిన విద్యా రుణాల పథకం పీఎం విద్యాలక్ష్మి కూడా జాతీయ ర్యాంకింగుల్లో నిలిచిన విద్యా సంస్థలకు, కేంద్ర ప్రభుత్వ సంస్థలకే. బొబ్బిలి, టెక్కలి వైపు మామూలు ప్రైవేటు కాలేజీలో చదివినవాళ్లకి అది అక్కరకు రాదు. అందుకే డ్వాక్రా అప్పు తీస్తారు, లేదా నూటికి మూడు రూపాయల వడ్డీకి తెస్తారు, అదీ దొరక్కపోతే మెడలోది తాకట్టుకి వెళుతుంది. ‘గవర్నమెంటు వేశాక వెనక్కి ఇచ్చేస్తాం’ అని కౌంటర్‌లో నోటిమాటగా చెబుతారు.

ఒరిజినల్ సర్టిఫికెట్లు ఆపకూడదని యూజీసీ 2018 అక్టోబరులోనే నోటిఫికేషన్ ఇచ్చింది. సాంకేతిక విద్యని నియంత్రించే ఏఐసీటీఈ నిబంధనా అదే. ఆ కాపీ జేబులో పెట్టుకుని వెళితే కౌంటర్‌లో సంతకం పెట్టిన అండర్‌టేకింగ్ చూపిస్తారు. జీతాలు ఎక్కడి నుంచి ఇమ్మంటారన్నది యాజమాన్యాల వాదన. ఏడాదికి పైగా రీయింబర్స్‌మెంట్ రాని చిన్న కాలేజీకి అది నిజమైన ఇబ్బందే. ఆ ఇబ్బందిని ప్రభుత్వం దగ్గర వసూలు చేసుకోవాలి గానీ కూలి ఇంటి దగ్గర కాదు.

2024లో కూటమి ప్రభుత్వం వచ్చాక, ఇకపై ఫీజు మళ్లీ కాలేజీ ఖాతాల్లోకే అని విద్యాశాఖ మంత్రి లోకేశ్ ప్రకటించారు. దాంతో డబ్బు వెళ్లే దారి పాతదే అయింది. లెడ్జర్‌లో పేరు మాత్రం మారలేదు. ఇవాళ్టి గొడవలో ముడి ఇక్కడే ఉంది. ఏ విడత కోసమైతే తల్లి అప్పు తెచ్చి కట్టిందో, అదే విడత రేపు ప్రభుత్వం విడుదల చేస్తే నేరుగా కాలేజీకి చేరుతుంది. ఒకే ఫీజు రెండుసార్లు వసూలైనట్టు. చేతి డబ్బు కట్టినవాళ్లకి ఇన్ని రోజుల్లో తిరిగి ఇవ్వాలి, ఇచ్చినట్టు రుజువు చూపాకే తర్వాతి విడత అని విడుదల ఉత్తర్వులోనే రాస్తే తప్ప ఆ సొమ్ము ఇంటికి రాదు. ఈలోగా రసీదు ఉన్నవాళ్లు దాన్ని ఒకసారి తీసి చూసుకోండి. ‘ట్యూషన్ ఫీజు’ అని ఉంటే అడగడానికి ఆధారం ఉన్నట్టే. నేను చూసినవాటిలో ఎక్కువ వాటి మీద ‘ఇతర ఫీజులు’ అనే ఉంది.