"అప్పుడెక్కడున్నారు మీరు?": అడవి ప్రాంతాల్లో హక్కుల గురించి అపోహలు, వాస్తవాలు

భద్రాచలం ఏజెన్సీలో పదిహేడేళ్లుగా వకీలుగా పనిచేస్తున్నాను. నా దగ్గరికి వచ్చేవాళ్లలో చాలామంది 2005 తర్వాత ఛత్తీస్‌గఢ్ నుంచి ప్రాణాలు దక్కించుకుని వచ్చి, చర్ల, దుమ్ముగూడెం అడవుల్లో గుడిసెలు వేసుకున్న గొత్తికోయ ఆదివాసులు. నేను ఏ కేసు పట్టుకున్నా ఒక ప్రశ్న మాత్రం తప్పదు. కోర్టు గుమస్తా అడుగుతాడు, పెళ్లిలో చుట్టాలు అడుగుతారు. "మావోయిస్టులు చంపినప్పుడు మీ హక్కులు ఎక్కడికి పోయాయి?" అడిగేవాళ్ల మీద నాకు కోపం లేదు. ఆ ప్రశ్న వల్ల నష్టపోతున్న ఇళ్లను చూశాను కాబట్టి ఇది రాస్తున్నాను.

అపోహ: హక్కుల వాళ్లు ఒకవైపే మాట్లాడతారు, కాబట్టి వాళ్లు చెప్పింది పట్టించుకోనక్కర్లేదు.

ఇందులో రెండు మాటలు కలిసిపోయి ఉన్నాయి. మొదటిదాంట్లో కొంత నిజం ఉంది, ఒప్పుకుంటాను. అయితే ఆ లోపాన్ని మొదట ఎత్తిచూపింది టీవీ చర్చల్లో అరిచేవాళ్లు కాదు, హక్కుల ఉద్యమంలోని మనుషులే. నక్సలైట్ల హింసను కూడా సూటిగా విమర్శించాలన్న బాలగోపాల్, మరికొందరు పౌరహక్కుల సంఘం నుంచి బయటికొచ్చి 1998లో మానవ హక్కుల వేదిక పెట్టుకున్నారు. అంతకు ముందు ఏడాది ఐఏఎస్ అధికారిగా పనిచేసిన ఎస్.ఆర్. శంకరన్ ఆధ్వర్యంలో ఏర్పడ్డ పౌర స్పందన వేదిక ఇటు ప్రభుత్వాన్నీ అటు నక్సలైట్లనూ చంపడం ఆపమని అడిగింది. ఆ శంకరన్‌గారిని 1987 డిసెంబరులో గుర్తేడు దగ్గర ఇతర అధికారులతో పాటు నక్సలైట్లే కిడ్నాప్ చేశారు. అయినా పదేళ్ల తర్వాత ఆయన ఇద్దరి ముందూ అదే మాట పెట్టారు. "అప్పుడెక్కడున్నారు" అని అడిగేవాళ్లలో ఈ సంగతి తెలిసినవాళ్లు నాకు తగల్లేదు.

రెండో మాట పూర్తిగా తప్పు. చెప్పే మనిషి ఇంకోచోట మాట్లాడలేదని ఇక్కడ కాలిన ఇల్లు కాలకుండా పోదు. ఎవరైనా ఛత్తీస్‌గఢ్‌లోని తాడ్‌మెట్ల పేరు ఎత్తితే, ఏ తాడ్‌మెట్ల అని అడుగుతాను. 2010 ఏప్రిల్ 6న ఆ ఊరి దగ్గర మావోయిస్టులు 76 మంది జవాన్లను చంపారు. ఏడాది తిరక్కుండానే, 2011 మార్చిలో, బలగాలు గాలింపుకు వెళ్లిన రోజుల్లో తాడ్‌మెట్ల, మోర్‌పల్లి, తిమ్మాపురం గ్రామాల్లో దాదాపు 300 ఇళ్లు తగలబడ్డాయి. కాల్చింది మావోయిస్టులేనని చాలామంది కొట్టిపారేశారు. సుప్రీంకోర్టు దర్యాప్తును సీబీఐకి అప్పగించాక, 2016లో ఎస్పీవోల (పోలీసులకు సాయంగా చేర్చుకున్న స్థానిక కుర్రాళ్లు, స్పెషల్ పోలీస్ ఆఫీసర్లు) మీదే ఛార్జిషీటు పడింది. మొదటి తాడ్‌మెట్లను మాత్రమే గుర్తుపెట్టుకునేవాళ్లున్నారు, రెండోదాన్ని మాత్రమే చెప్పేవాళ్లూ ఉన్నారు. ఊరు మాత్రం ఒక్కటే.

ఈ అపోహ ఇళ్లలోకి ఎలా దూరుతుందో చెబుతాను. ఒక ఎన్‌కౌంటర్ మీద నిజనిర్ధారణకు వెళ్లిన బృందంతో నేనూ ఉన్నాను. పక్క గూడెం నుంచి ఒక ముసలాయన వచ్చి ఇప్పచెట్టు కింద మధ్యాహ్నం దాకా కూర్చున్నాడు. మేం బయల్దేరుతుంటే లేచి నా దగ్గరికొచ్చాడు. "లాయరమ్మా, మావోడిది గూడ రాసుకుంటారా?" అన్నాడు. ఆయన కొడుకును పోలీసు ఇన్‌ఫార్మర్ అని మావోయిస్టులు ప్రజాకోర్టు పెట్టి చంపారు. ఇవాళ వచ్చింది ఆ పని మీద కాదని మా బృందంలో ఒకరు అన్నారు. నేను నోరు మెదపలేదు. ఆయన తలూపి వెళ్లిపోయాడు. మూడు వారాల తర్వాత ఒక్కదాన్నే వెళ్లి రాసుకున్నాను. కానీ ఆ రోజు చెయ్యాల్సిన పని ఆ రోజు చెయ్యలేదు, అది నా తప్పే.

అదే ఏడాది ఇంకో ఇల్లు. ఆమె భర్త చేలో పనికి వెళ్లి తూటాకు పోయాడు. ఎదురుకాల్పులన్నారు. రిపోర్టు ఇస్తే అన్నల మనిషివంటారని ఇరుగుపొరుగు భయపెట్టారు. తొమ్మిది నెలల తర్వాత నా దగ్గరికొచ్చింది. అప్పటికి ఒంటి మీది గాయాల ఫొటో లేదు, పోస్టుమార్టం కాగితం లేదు, చూసినవాళ్లు వలసపోయారు. ఆ ముసలాయన, ఈవిడ ఎదురుపడితే ఒకరికొకరు శత్రువులని జనం అనుకుంటారు. నష్టపోయింది మాత్రం ఇద్దరూ ఒకే మాట వల్ల: నీ ఇంట్లో చావు గురించి మాట్లాడితే మేం అవతలి పక్షమైపోతాం.

మరి హక్కుల వాళ్లు ప్రభుత్వాన్నే ఎక్కువ ఎందుకు అడుగుతారు? మావోయిస్టు హత్య చేస్తే కేసు పెట్టడానికి పోలీసులున్నారు. పోలీసే చంపితే కేసు ఎవరు పెడతారు? రాజ్యాంగం 21వ అధికరణం కింద ప్రాణానికి పూచీపడింది రాజ్యం. అందుకే అక్కడ ఎక్కువ అడగాలి. అవతలి హత్య దగ్గర నోరు మూసుకోవడానికి మాత్రం అది సాకు కాదు.

అపోహ: సల్వాజుడుం అంటే విసిగిపోయిన ప్రజలు తమంతట తాము తిరగబడటం.

సల్వాజుడుం 2005లో ఛత్తీస్‌గఢ్‌లో మావోయిస్టులకు వ్యతిరేకంగా మొదలైంది. మావోయిస్టుల మీద కోపం ఉన్నవాళ్లు ఉండేవారు, అది నిజం. ఆ కోపానికి తుపాకీ, క్యాంపు, నెలకు 3,000 రూపాయలు ఇచ్చింది ప్రభుత్వం. ఐదో తరగతి చదివితే చాలన్నారు. అలా చేరిన కుర్రాళ్లే ఎస్పీవోలు. 2011 జులై 5న సుప్రీంకోర్టులో జస్టిస్ బి. సుదర్శన్ రెడ్డి, జస్టిస్ నిజ్జర్ ఇచ్చిన తీర్పు దీన్ని రాజ్యాంగ విరుద్ధమంది, తుపాకులు వెనక్కి తీసుకోమంది. ఆ కుర్రాళ్ల చావులు కూడా లెక్కలోకి రావాలి. 2007 మార్చిలో రాణిబోద్లి పోలీసు క్యాంపు మీద మావోయిస్టుల దాడిలో 55 మంది పోతే, ఎక్కువమంది ఎస్పీవోలే. ఊళ్లో పోడు కొట్టుకోవాల్సిన పిల్లలు. వాళ్లను ముందు నిలబెట్టింది ఎవరో అడగడం వాళ్లను ద్వేషించడం కాదు.

ఇది అక్కడి గొడవ, మన దగ్గర లేదనుకునేవాళ్లు గ్రీన్ టైగర్స్, నల్లమల కోబ్రాస్ లాంటి నక్సలైట్ వ్యతిరేక ముఠాల పేర్లు ఒకసారి గుర్తుచేసుకోండి. పౌరహక్కుల సంఘం నాయకులు పురుషోత్తం 2000 నవంబరులో, ఆజం అలీ 2001 ఫిబ్రవరిలో హత్యకు గురయ్యారు.

అపోహ: 2011తో అదంతా అయిపోయింది.

తీర్పు వచ్చిన ఏడాదే ఛత్తీస్‌గఢ్ కొత్త చట్టం చేసి ఎస్పీవోలను సహాయక బలగంగా మార్చుకుంది. చట్టం చేయడం కోర్టు ధిక్కారం కాదని 2025 మేలో సుప్రీంకోర్టు తేల్చింది. జుడుంలో పనిచేసినవాళ్లు, లొంగిపోయినవాళ్లు ఇప్పుడు పోలీసుల డీఆర్‌జీలో (డిస్ట్రిక్ట్ రిజర్వ్ గార్డ్) ఉన్నారు.

అపోహ: ప్రజాకోర్టులో కనీసం న్యాయం త్వరగా దొరుకుతుంది.

ఆరోపించేది, తీర్పు చెప్పేది, చంపేది ఒకరే. వకీలు లేడు, అప్పీలు లేదు. సరైన కోర్టు లేకుండా మరణశిక్ష వేయడాన్ని యుద్ధ నియమాలు చెప్పే జెనీవా ఒప్పందాల ఉమ్మడి 3వ అధికరణం సాయుధ గ్రూపులకు కూడా నిషేధించింది.

అపోహ: ఇన్‌ఫార్మర్ అని చంపేస్తే కుటుంబానికి ఏమీ రాదు. సరిహద్దు అవతల జరిగితే ఇక్కడ కేసు కాదు.

టెన్షన్‌తో వచ్చేవాళ్లలో ఎక్కువమంది అడిగేది ఇదే. మావోయిస్టు హింసలో చనిపోయిన పౌరుల కుటుంబాలకు కేంద్ర హోంశాఖ సాయం 5 లక్షల రూపాయలు ఉంది, కలెక్టరాఫీసులో అడగండి. ఘటన ఎక్కడ జరిగినా ఏ స్టేషన్‌లోనైనా జీరో ఎఫ్‌ఐఆర్ రాయించుకోవచ్చు. తీసుకోకపోతే ఎస్పీకి పోస్టులో పంపి రసీదు దాచుకోండి. ఎన్‌కౌంటర్ అన్నారా, 2014 సుప్రీంకోర్టు తీర్పు ప్రకారం ఇద్దరు డాక్టర్లు పోస్టుమార్టం చేయాలి, వీడియో తీయాలి. ఆ వీడియో కాపీ కోసం వెంటనే రాతపూర్వకంగా అడగండి. మానవ హక్కుల కమిషన్‌కు మాత్రం ఏడాది లోపే వెళ్లాలి.

ముసలాయన కాగితాలు కలెక్టరాఫీసుకు నేనే పట్టుకెళ్లాను. ఎఫ్‌ఐఆర్ కాపీ లేదని ఒకసారి, ఆధార్‌లో పేరు కలవలేదని ఒకసారి వెనక్కి పంపారు. మూడోసారి తీసుకున్నారు.