రాత్రి కాపలా ఎవరి వంతు?

శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో కిడ్నీ జబ్బు గురించి ఎంతో చర్చ జరిగింది గాని, రోగి పక్క మంచం మీద పడుకునే మనిషి నిద్ర గురించి మాట్లాడుకున్నది తక్కువ. కవిటి, సోంపేట, వజ్రపుకొత్తూరు మండలాలలో పిల్లలు పనుల కోసం హైదరాబాదుకో చెన్నైకో వలస వెళ్లిన ఇళ్లలో, డయాలసిస్ చేయించుకునే వృద్ధునికి సాధారణంగా ఆ వయసుదే అయిన భార్యే తోడు. వారానికి మూడుసార్లు, నాలుగేసి గంటలు సాగే చికిత్సకు వెంట వెళ్లడం పగటి పని. రాత్రి సంగతి వేరు. ఈ రోగులలో ఒంటి దురద, కాళ్లను కదల్చకుండా ఉండలేని బాధ సర్వసాధారణం కనుక ఆయన లేచిన ప్రతిసారీ ఆమె కూడా లేస్తుంది. ఆయన లేవని రాత్రి సైతం, “కన్ను మూస్తే పిలిసినట్టే ఉంటాది” అంటూ ఉలిక్కిపడి లేస్తుంది.

వయసుతో గాఢనిద్ర ఎలాగూ తగ్గుతుంది, తెల్లవారకముందే మెలకువ వస్తుంది. అంతమాత్రాన ముసలివాళ్లకు నిద్రతో పనేమిటనడం సరికాదు: 65 దాటినవారికి కూడా 7–8 గంటల నిద్ర కావాలి. 1989లో వెలువడిన పిట్స్‌బర్గ్ నిద్ర నాణ్యత సూచిక అనే ప్రశ్నావళి గంటలను మాత్రమే లెక్కించక, మధ్యలో మెలకువలను, పగటి మగతను, నిద్రమాత్రల వాడకాన్ని కూడా అడిగి, ఇబ్బందులకు వేసే మొత్తం 21 మార్కులలో 5 దాటితే నిద్ర సరిగా లేదంటుంది.

నిద్ర చెడితే మాట కూడా చెడుతుంది. సుమారు 35 గంటలు మేలుకున్న ఆరోగ్యవంతులైన యువకులకు బాధ కలిగించే చిత్రాలు చూపినప్పుడు, మెదడులో భయకోపాలతో ముడిపడిన అమిగ్డలా దాదాపు 60 శాతం ఎక్కువగా స్పందించిందని 2007 నాటి ప్రయోగం తెలిపింది. కోడలి మామూలు మాట అత్తకు దెప్పినట్టు తోచడానికి గుణమే కారణమనుకోనక్కరలేదు. ఆ పట్టింపు మళ్లీ రాత్రి నిద్రనే తింటుంది.

భర్తకో భార్యకో సేవ చేస్తున్న 66–96 ఏళ్ల వారిని అమెరికాలో నాలుగేళ్లు గమనించి 1999లో ప్రకటించిన అధ్యయనంలో, ఆ పనిలో ఒత్తిడికి లోనైనవారి మరణాల ముప్పు అలాంటి బాధ్యత లేనివారికంటే 63 శాతం ఎక్కువగా కనిపించింది. సేవ చేస్తున్నా ఒత్తిడి లేనివారిలో అంత పెరుగుదల కనిపించలేదు. నా దృష్టిలో కుటుంబం పట్టించుకోవలసిన తేడా ఇదే. దూరాన ఉన్న కొడుకు రోజూ ఫోన్‌లో “నాన్నకు మందులు వేశావా?” అనడం ఆమెకు మరో హాజరుపట్టీ. అమ్మ ఎలా పడుకుందో అడగడం, సంక్రాంతికి వచ్చినప్పుడు తండ్రి దగ్గర తానే పడుకుని ఆమెను వేరే గదిలో పడుకోబెట్టడం, మిగతా రోజులలో వారానికి రెండు రాత్రులైనా దగ్గరి బంధువును ఏర్పాటు చేయడం అసలైన సాయం. నిద్రమాత్రలతో సరిపెట్టడం మాత్రం ప్రమాదకరం, ఎందుకంటే చీకట్లో లేచే వృద్ధులు ఆ మగతలో తూలి కింద పడవచ్చు. వంతు మార్చిన తొలి రాత్రులలో ఆమెకు అలవాటు కొద్దీ మెలకువ వస్తూనే ఉంటుంది. అది చూసి ఆ ఏర్పాటును మానేయకూడదు.