పొట్టివాడు నిజంగానే గట్టివాడా?

ఆజానుబాహుడు ఎదురైతే బలశాలి అని మనసులోనే మార్కులు వేసేస్తాం. మళ్లీ మనమే 'పొట్టివాడు గట్టివాడు' అనీ అంటాం. రెండూ ఒకేసారి ఎలా కుదురుతాయి?

ముందు ఎత్తు సంగతి. 1996లో పుట్టిన నెదర్లాండ్స్ మగవాళ్ల సగటు ఎత్తు సుమారు 182.5 సెంటీమీటర్లు. ఆ లెక్కలో వాళ్లే ప్రపంచంలోకెల్లా పొడుగు. అదే ఈడు తూర్పు తిమోర్ మగవాళ్లది 160 దగ్గరే ఆగింది. ఆడవాళ్లలో లాత్వియా వాళ్లు 170, గ్వాటెమాలా వాళ్లు 149. ఈ అంకెలు చూడగానే 'జాతి లక్షణం' అనేస్తారు చాలామంది. కానీ 19వ శతాబ్దం మధ్యలో సైన్యం కొలతలకు నిలబడ్డ డచ్ కుర్రాళ్ల సగటు 165 దగ్గర ఉండేది. అప్పట్లో ఐరోపాలో వాళ్లది పొట్టివాళ్ల వరసే! దక్షిణ కొరియా ఆడవాళ్లయితే వందేళ్లలో 20 సెంటీమీటర్లు పెరిగారు. అంత తక్కువ కాలంలో జన్యువులు అంతగా మారిపోవు.

అలాగని జన్యువుల పాత్రేమీ లేదని కాదు. 2022లో 54 లక్షల మంది డీఎన్‌ఏని జల్లెడ పట్టి, ఎత్తుతో ముడిపడ్డ జన్యు తేడాలు 12 వేలకు పైగా ఉన్నాయని తేల్చారు. ఎత్తులో 80 శాతం వారసత్వమే అనే మాట కూడా తరచూ వింటాం. ఇక్కడే చాలామంది పొరబడతారు. ఆ 80 శాతం దాదాపు ఒకేలాంటి తిండీ వైద్యమూ అందుతున్న జనంలో, మనిషికీ మనిషికీ మధ్య తేడాకు సంబంధించిన లెక్క. రెండు దేశాల మధ్య తేడాకు దాన్ని తగిలించకూడదు.

పొడవాటి ఎముకల చివర మృదులాస్థి పొర ఒకటి ఉంటుంది. ఎదుగుదలంతా అక్కడే. యౌవనం ముగిసేసరికి అది గట్టిపడి మూసుకుపోతుంది. ఈలోగా, ముఖ్యంగా మొదటి రెండేళ్లలో, ప్రోటీన్లు చాలకపోయినా, విరేచనాలు పదేపదే పట్టుకున్నా శరీరం ముందు ప్రాణం నిలుపుకోవడం చూసుకుంటుంది, ఎముకను పక్కనపెడుతుంది. గ్వాటెమాలా నుంచి అమెరికా వలస వెళ్లిన 'మాయా' అనే ఆదివాసీ తెగ కుటుంబాల పిల్లలు స్వదేశంలోని తమ ఈడువాళ్లకంటే దాదాపు 10 సెంటీమీటర్లు పొడుగ్గా ఉన్నారు. అందుకే నా లెక్కలో ఒక దేశపు సగటు ఎత్తంటే, రెండు దశాబ్దాల కిందట అక్కడి పసిపిల్లలు ఎలా ఉన్నారో చెప్పే రిపోర్టు.

ఇక బలం. దీని దారి వేరు. కండరం ఎంత లాగగలదన్నది దాన్ని అడ్డంగా కోస్తే కనిపించే వైశాల్యాన్ని బట్టి ఉంటుంది, ఒంటి బరువు మాత్రం ఘనపరిమాణాన్ని బట్టి పెరుగుతుంది. మనిషిని అన్ని వైపులా రెట్టింపు చేస్తే బలం నాలుగు రెట్లవుతుంది, బరువు ఎనిమిది రెట్లు! ఈ చిక్కుముడిని గెలీలియో 1638లోనే రాసిపెట్టాడు. ఎత్తే మొత్తం బరువులో పెద్ద శరీరానిదే పైచేయి, సొంత బరువుతో పోల్చితే చిన్న శరీరానిది. 147 సెంటీమీటర్ల టర్కీ వెయిట్‌లిఫ్టర్ నయీం సులేమానోగ్లు 1988 సియోల్ ఒలింపిక్స్‌లో, 60 కిలోల విభాగంలో, 190 కిలోలు తలపైకి ఎత్తాడు. సామెత సగం నిజమేనన్నమాట.

మిగతా సగం పనిలో ఉంది. ఎవరెస్టు దారిలో బరువులు మోసే నేపాలీ మగ కూలీలను తూచి చూస్తే, వాళ్ల వీపు మీది మూట సగటున ఒంటి బరువులో 93 శాతం. అన్నిటికన్నా బరువైన మూటైతే 180 శాతం దాటింది. వాళ్లేమీ భారీకాయులు కారు. నుదుటి పట్టీతో, నెమ్మదిగా, మాటిమాటికీ ఆగుతూ నడుస్తారు.

అంతకన్నా నన్ను ఆశ్చర్యపరిచింది మధ్య ఐరోపాలో 7 వేల ఏళ్ల కిందటి తొలి రైతు స్త్రీల ఎముకల కథ. 2017లో కేంబ్రిడ్జి పరిశోధకులు వాళ్ల భుజం నుంచి మోచేతి దాకా ఉండే ఎముకను, పడవ పందేల్లో తెడ్డు వేసే నేటి యువతుల ఎముకతో పోల్చారు. ఆ పాత ఎముకలే 11 నుంచి 16 శాతం ఎక్కువ దృఢంగా తేలాయి. నేల తవ్వి, కోత కోసి, గంటలకొద్దీ రాతి మీద గింజలు నూరిన చేతులవి అని వాళ్ల అంచనా.