బుట్టలో రెండే కాయలుంటే ఏడు ఎలా ఇచ్చింది?

చిరంజీవులు చిన్నూకీ, బుజ్జికీ అమ్మమ్మ ఆశీస్సులు.

ఇక్కడ మేమంతా క్షేమం. తాతయ్య మోకాలి నొప్పి అలాగే ఉంది, అయినా పొద్దున్నే నడక మానడం లేదు.

మొన్న ఆదివారం వీడియో కాల్‌లో బుజ్జి హోంవర్క్ చూశాను కదా, అప్పట్నుంచి ఈ ఉత్తరం రాయాలనుకుంటున్నాను. ఫోన్‌లో చెబితే ఈ చెవిన విని ఆ చెవిన వదిలేస్తారు. ఆ లెక్క గుర్తుందా? "లక్ష్మి బుట్టలో కొన్ని మామిడికాయలున్నాయి. 7 కాయలు పక్కింటివాళ్ళకి ఇచ్చింది. ఇంకా 5 మిగిలాయి. మొదట బుట్టలో ఎన్ని ఉన్నాయి?" బుజ్జి 2 అని రాసింది. ఎలా వచ్చిందే అంటే, "మిగిలాయి అని ఉంది కదా అమ్మమ్మా, తీసివేత" అంది. "మరి బుట్టలో రెండే కాయలుంటే ఏడు ఎక్కణ్ణుంచి ఇచ్చిందే?" అన్నాను. కాసేపు ఆలోచించి, "అప్పు తెచ్చి ఇచ్చిందేమో!" అంది. నవ్వాపుకోలేకపోయాను.

కానీ తప్పు బుజ్జిది కాదు. మా బళ్ళో నేనే ఏళ్ళ తరబడి బోర్డు మీద రాసి బట్టీ పట్టించాను: "మొత్తం అంటే కూడిక, మిగిలినవి అంటే తీసివేత, ఒక్కొక్కరికి అంటే భాగహారం" అని. పరీక్షలో మార్కులు బాగానే వచ్చేవి. పిల్లలు లెక్క చదవడం మానేసి ఆ ఒక్క మాట కోసం వెతుకుతున్నారని తెలుసుకునేసరికి నాకు రిటైర్‌మెంట్ దగ్గరపడింది.

1980 ప్రాంతంలో ఫ్రాన్స్‌లోని గ్రెనోబుల్‌లో చిన్న క్లాసుల పిల్లలకి ఒక లెక్క ఇచ్చారు. "ఓడలో 26 గొర్రెలు, 10 మేకలు ఉన్నాయి. ఓడ కెప్టెన్ వయసెంత?" చాలామంది 36 అని రాసేశారట! గొర్రెలకీ కెప్టెన్ వయసుకీ ఏమిటి సంబంధమని అడిగినవాళ్ళు తక్కువే. అంకెలు కనపడగానే చెయ్యి ముందుకు పోతుంది, బుర్ర వెనకబడుతుంది.

అందుకని ఇకమీదట రాత లెక్క రాగానే (మీ పుస్తకంలో పద సమస్య అని ఉంటుంది) పెన్సిల్ పక్కన పెట్టండి. అంకెలు వదిలేసి, జరిగిన సంగతేమిటో ఒకరికొకరు కథలా చెప్పుకోండి. లక్ష్మి దగ్గర బుట్ట ఉంది, కొన్ని ఇచ్చేసింది, కొన్ని ఉండిపోయాయి. అంతే కదా? ఇప్పుడు చింతపిక్కలు తీసుకుని ఇచ్చినవి ఒక కుప్ప, ఉండిపోయినవి ఒక కుప్ప పెట్టండి. మొదటి బుట్ట కావాలంటే ఏం చెయ్యాలి? రెండు కుప్పలూ మళ్ళీ కలపాలి. 12 కాయలు. "మిగిలాయి" అన్న మాట ఉన్నా, చేసింది కూడికే.

చిన్నూ, నువ్వు నాలుగో క్లాసు కాబట్టి నీకు భాగహారం. 100 కోడిగుడ్లున్నాయి, ఒక్కో అట్టలో 30 పడతాయి. ఎన్ని అట్టలు కావాలి? భాగిస్తే 3 వచ్చి 10 మిగులుతాయి. 3 అని రాస్తావా? ఆ పది గుడ్లూ జేబులో పెట్టుకుంటావా! 4 అట్టలు కావాలి. సరే, 100 పూలున్నాయి, దండకి 30 పూలు గుచ్చాలి, ఎన్ని నిండు దండలవుతాయి? అదే భాగహారం, కానీ ఇక్కడ 3 దండలే. ఏ జవాబు సరైనదో కథలోకి వెళ్ళి చూస్తేనే తెలుస్తుంది.

ఇంకొకటి నాకు భలే ఇష్టం. దొడ్లో కోళ్ళు, మేకలు కలిపి 10 ఉన్నాయి. కాళ్ళు మొత్తం 28. మేకలెన్ని? పెద్ద క్లాసుల్లో దీనికి ఎక్స్, వై అంటారు, ఇప్పుడవేం అక్కర్లేదు. కొమ్మ మీద లేతాకు అందుకోవాలని మేకలన్నీ ఒక్కసారి ముందుకాళ్ళు పైకెత్తాయనుకోండి. నేల మీద ఇప్పుడు ఒక్కోదానికి రెండే కాళ్ళు, కోడైనా మేకైనా. అంటే 20. మిగతా 8 కాళ్ళు గాల్లో ఉన్నాయి. ఒక్కో మేకవి రెండు. కాబట్టి మేకలు 4, కోళ్ళు 6. సరిచూడండి: 16, 12, కలిపితే 28. సరిచూడ్డం మాత్రం ఎప్పుడూ మానొద్దు. బుజ్జి జవాబు తప్పని తేలింది కూడా అలాగే.

జవాబు తప్పితే రబ్బరుతో చెరిపేయకండి. పక్కన గీత కొట్టి కొత్తది రాయండి. ఎక్కడ దారి తప్పామో చూసుకోవడానికి ఆ పాతది ఉండాలి. ఈ విషయంలో మీ అమ్మకి నాకు పడదు, నోట్స్ నీట్‌గా ఉండాలంటుంది. నేను మాట్లాడతాలే.

కథలాంటి లెక్కలు మనకి కొత్త కాదు. మహావీరాచార్యుడు సంస్కృతంలో రాసిన గణిత గ్రంథాన్ని దాదాపు వెయ్యేళ్ళ కిందట పావులూరి మల్లన తెలుగు పద్యాల్లో చెప్పాడు. 1150లో భాస్కరాచార్యుడు రాసిన లీలావతిలోనూ తుమ్మెదలు, పూలు ఉంటాయి. మా నాయనమ్మకి వీళ్ళ పేర్లేవీ తెలియవు, బడి మొహం చూడలేదు. అయినా రాత్రి ఆరుబయట మంచం మీద మాకు ఇలాంటి లెక్కలే వేసేది. ఒకటి మీకు పంపుతున్నాను.

కొన్ని పూలు, కొన్ని తుమ్మెదలు. పువ్వుకొక తుమ్మెద వాలితే ఒక తుమ్మెదకి పువ్వు దొరకలేదు. పువ్వుకి రెండేసి వాలితే ఒక పువ్వు ఖాళీగా మిగిలింది. పూలెన్ని, తుమ్మెదలెన్ని?

జవాబు ఒక్కటే చెబితే ఒప్పుకోను, బొమ్మ గీసి ఫొటో పంపండి. తాతయ్యకి ఫోన్ చేసి అడగొద్దు. ఆయనకి తెలుసు, నోరు ఆగదు.

ఉంటాను,
మీ అమ్మమ్మ