ఎక్స్-ప్లేన్ యాడాన్లు: అపోహలు, వాస్తవాలు

ఎక్స్-ప్లేన్ అంటే కంప్యూటర్‌లో విమానం నడిపే సిమ్యులేటర్, ముద్దుగా సిమ్. దానికి మనం అదనంగా వేసుకునేవే యాడాన్లు.

అపోహ: వేసిన సీనరీ (ఎయిర్‌పోర్టులు, నేల దృశ్యాలు) కనబడలేదంటే కంప్యూటర్ చాలడం లేదన్నమాట.

వాస్తవం: కంప్యూటర్ చాలకపోతే సిమ్ నత్తనడక నడుస్తుంది గానీ ఎయిర్‌పోర్ట్ మాయమైపోదు. సిమ్ సెటప్‌లు చేసిపెట్టే పనిలో నా దగ్గరికొచ్చే గొడవల్లో ఎక్కువ భాగం కస్టమ్ సీనరీ ఫోల్డర్‌లోని ఒక్క ఫైలు దగ్గరే తేలిపోతాయి. దాని పేరు సీనరీ ప్యాక్స్ డాట్ ఐఎన్ఐ. ఆ జాబితాలో పైనున్న ప్యాక్‌దే పెత్తనం.

ఎక్స్-ప్లేన్ నేలంతటినీ అక్షాంశ రేఖాంశాలు ఒక్కో డిగ్రీ చొప్పున గళ్లుగా చూస్తుంది. మన శంషాబాద్, బేగంపేట రెండూ +17+078 గడిలోకే వస్తాయి. ఆ గడికి ఆర్థో వేశారనుకోండి. చాలామంది దాన్ని ఉపగ్రహ ఫొటో అనుకుంటారు, నిజానికి అది ఫొటో అతికించిన మెష్, అంటే నేల మొత్తం. జాబితాలో మెష్‌కు కిందున్న వాటిని సిమ్ ఆ గడిలో పట్టించుకోదు. పైగా కొత్తగా వేసిన ప్యాక్ నేరుగా జాబితా పైకెక్కి కూర్చుంటుంది. ముందు శంషాబాద్ వేసి ఆ తర్వాత ఆర్థో వేసినవాళ్లకు టెర్మినల్ ఉండాల్సిన చోట చదునైన ఫొటో మిగిలేది అందుకే. సిమ్ మూసి, ఫైలును నోట్‌ప్యాడ్‌లో తెరిచి, ఎయిర్‌పోర్టులు పైకి, వాటి కింద సిమ్‌తో వచ్చే గ్లోబల్ ఎయిర్‌పోర్ట్స్, తర్వాత ఓవర్‌లేలు (నేల మీద పేర్చే చెట్లు, రోడ్లు, భవనాలు), అట్టడుగున మెష్‌లు వచ్చేలా లైన్లు మార్చి సేవ్ చేయండి. లైబ్రరీలు, అంటే సీనరీలు వాడుకునే వస్తువుల ప్యాక్‌లు, ఎక్కడున్నా పెద్ద తేడా రాదు.

అపోహ: సిమ్ లోడవుతూ మధ్యలో ఆగిపోతే అన్నీ తీసేసి మళ్లీ ఇన్‌స్టాల్ చేయాలి.

వాస్తవం: ఒక పూట పోతుంది, పాత యాడాన్లన్నీ తిరిగి పెట్టాక జబ్బు మళ్లీ మొదటికే వస్తుంది. ఎక్స్-ప్లేన్ ఫోల్డర్‌లోనే, సిమ్ ఏం చేసిందీ రాసిపెట్టుకునే లాగ్ డాట్ టీఎక్స్‌టీ ఉంటుంది. దాన్ని చివరి నుంచి పైకి చదవండి. ఫలానా వస్తువు దొరకలేదు, ఫలానా సీనరీ దాన్ని అడిగింది అని ఉంటే లైబ్రరీ వేయలేదని అర్థం. ఆఖరి లైన్లలో ఒక ప్లగిన్ (సిమ్‌కు తగిలించే చిన్న ప్రోగ్రామ్) పేరుంటే దాన్ని ప్లగిన్స్ ఫోల్డర్ బయట పెట్టి చూడండి. సిమ్‌ను మళ్లీ తెరిస్తే ఈ ఫైలు కొత్తగా రాసుకుంటుంది కాబట్టి ముందే కాపీ తీసుకోవాలి. సాయం అడిగేవాళ్లలో సగం మంది ఆ కాపీ లేకుండానే వస్తారు, అదో టెన్షన్.

అపోహ: ఆర్థో ఫొటో ఎంత వివరంగా ఉండాలో చెప్పే జూమ్ లెవెల్‌ను ఒక్కటేగా, పెంచితే ఏమవుతుంది?

వాస్తవం: పిక్సెళ్లలో ఫొటో పొడవు, వెడల్పు రెండూ రెట్టింపవుతాయి. అంటే డిస్క్‌లో దాదాపు నాలుగింతల చోటు. ఎయిర్‌పోర్ట్ చుట్టూ మాత్రం పెంచుకుంటే చాలు.

అపోహ: మైక్రోసాఫ్ట్ ఫ్లైట్ సిమ్యులేటర్‌లో ఈ బాధలేం ఉండవు, యాడాన్‌ను దాని కమ్యూనిటీ ఫోల్డర్‌లో పడేస్తే సరి.

వాస్తవం: చాలావరకు నిజమే. కాకపోతే జిప్ విప్పినప్పుడు ఒక్కోసారి ఫోల్డర్‌లో ఫోల్డర్ తయారవుతుంది. యాడాన్ ఫోల్డర్ తెరవగానే మానిఫెస్ట్, లేఅవుట్ ఫైళ్లు ఎదురుగా కనబడాలి. ఇంకో ఫోల్డర్ కనబడిందంటే దాన్నొక మెట్టు బయటికి లాగండి.

అపోహ: నావిగేషన్ డేటా (వాయుమార్గాలు, రేడియో కేంద్రాల వివరాలు) తాజాగా కొనకపోతే విమానం ఎగరదు.

వాస్తవం: ఎగురుతుంది. డేటా 28 రోజులకోసారి మారుతుంది. ఆన్‌లైన్‌లో ఎయిర్ ట్రాఫిక్ కంట్రోలర్లతో మాట్లాడుతూ ఎగిరేవాళ్లకు అది ముఖ్యం, ఒంటరిగా ఎగిరేవాళ్లకు పాతది హాయిగా పనిచేస్తుంది.