పగడపు దిబ్బల చేపలు: మన తీరంలో నేను వినే అపోహలు, వాటి వెనక వాస్తవాలు

పగడపు దిబ్బల మీద చేపలను లెక్కపెట్టడం నా వృత్తి. మన్నార్ సింధుశాఖలోనో అండమాన్‌లోనో నీటి అడుగున టేపు పరిచి, దాని వెంట మెల్లగా ఈదుతూ, రెండు పక్కలా కనిపించిన చేప జాతి, పొడవు పలక మీద రాసుకుంటాను. ఊరికి వచ్చినప్పుడు మైపాడు, కొత్తపట్నం పాలేల్లో వేటకు వెళ్ళేవాళ్ళ దగ్గర కూర్చుంటే మాట ఎటు తిరిగినా చేప తగ్గిపోతోందన్న దగ్గరికే వస్తుంది. ఒక పెద్దాయన అడిగాడు: "ఏం నాయనా, సముద్రంలో సిమెంటు గూళ్ళు దించితే ఇక చేపకు కొదవుండదంటగదా?"

ఆ ప్రశ్నకు ఒక్క ముక్కలో జవాబు చెప్పలేను. ఒకచోట చేప గుంపుగా కనిపించడం, చేప సంతతి నిజంగా పెరగడం వేర్వేరు సంగతులు. కింద రాసిన అపోహల్లో చాలావాటికి మూలం ఈ రెండింటినీ కలిపేయడమే.

అపోహ: మన సముద్రం అడుగునా పగడపు దిబ్బలున్నాయి, బయటికి చెప్పరంతే.

వాస్తవం: నెల్లూరు, ప్రకాశం తీరంలో పగడాలు కట్టిన దిబ్బలు లేవు. దిబ్బ కట్టే పగడం ఒంట్లో సన్నని నాచు కాపురముంటుంది. ఆ నాచుకు ఎండ తగలాలి, నీరు తేటగా ఉండాలి, ఉప్పదనం ఒక్కసారిగా పడిపోకూడదు. పెన్నా, కృష్ణా, గోదావరి వరద నీటినీ ఒండ్రునూ తెచ్చి పోసే తీరంలో అది కుదరదు. మనకు దగ్గరి పెద్ద దిబ్బలు రామేశ్వరం, తూత్తుకుడి మధ్య మన్నార్ సింధుశాఖలోని 21 దీవుల చుట్టూ ఉన్నాయి. అయితే అక్కడ తేలిన సూత్రాలు మన దగ్గర రాతినేల పట్టుకుని బతికే చేపలకూ చాలావరకు వర్తిస్తాయి. అందుకే ఇదంతా రాస్తున్నాను.

అపోహ: చేప లక్షల గుడ్లు పెడుతుంది. ఎంత పట్టినా తరగదు.

వాస్తవం: గుడ్లు లక్షల్లో ఉంటాయి, నిజమే. దిబ్బకు చేరేది ఎన్ని అన్నదే లెక్క. దిబ్బ చేపల్లో చాలావాటి పిల్లలు పుట్టగానే నడిసముద్రానికి కొట్టుకుపోతాయి. కొన్ని జాతులవి పది పన్నెండు రోజులకే తిరిగి వస్తాయి, కొన్నింటికి రెండు నెలలు దాటుతుంది. ఈలోపు ఆకలికి పోయేవి, పెద్దవాటి నోట పడేవే దాదాపు అన్నీ. మిగిలినవి దిబ్బ వాసన పట్టుకుని, అక్కడి రొయ్యలు చేసే చిటపట చప్పుడు విని, ఎక్కువగా చీకటి మాటున వచ్చి దిగుతాయి. దిగాక కూడా మొదటి రెండు రోజుల్లోనే సగానికి పైగా చస్తాయి. ఒక ఏడు పిల్ల బాగా పడుతుంది, మరో ఏడు అసలు పడదు. నేను నాలుగేళ్ళ చేపలు దండిగా చూశానంటే, నాలుగేళ్ళ కిందట ఆ దిబ్బకు పిల్ల బాగా పడిందని అర్థం. నిరుటి పిల్ల పడిందో లేదో ఆ గుంపును చూసి తెలియదు.

మరి ఈ వయసులు ఎలా తెలుస్తాయి? గొరక చేప తలకాయ తిన్నవాళ్ళకు లోపల దొరికే తెల్లరాయి తెలుసు. అది చేప చెవిరాయి. పిల్లగా ఉన్నప్పుడు దానిలో రోజుకొక వలయం పడుతుంది. సన్నగా అరగదీసి సూక్ష్మదర్శిని కింద పెడితే, పిల్ల నడిసముద్రంలో ఎన్ని రోజులు గడిపి దిబ్బకు చేరిందో లెక్కపెట్టవచ్చు. నా పనిలో నాకు అన్నిటికన్నా ఇష్టమైనది ఇదే.

అపోహ: పిల్లలన్నీ ఎక్కడికో కొట్టుకుపోతాయి కాబట్టి మన దగ్గర కాపాడితే లాభం వేరేవాళ్ళకే.

వాస్తవం: చాలాకాలం శాస్త్రవేత్తలూ ఇంచుమించు ఇలాగే అనుకున్నారు. ఆస్ట్రేలియాలోని లిజార్డ్ దీవి దగ్గర ఒక బృందం చిన్న డామ్సెల్ చేపల గుడ్లలోని పిండాలు దాదాపు కోటింటికి మందుతో చెవిరాయి మీద గుర్తు పడేలా చేసింది. తర్వాత దిబ్బకు వచ్చిన పిల్లల్లో 5,000 పట్టి చూస్తే 15కు గుర్తు కనిపించింది. చాలా తక్కువ అనిపిస్తుంది గానీ, వాళ్ళు గుర్తు పెట్టింది మొత్తం పిండాల్లో నూటికి ఒకటీ రెండుకు మించదు. ఆ లెక్కన చూస్తే పిల్లల్లో 15 నుంచి 60 శాతం దాకా పుట్టినచోటికే తిరిగి వస్తున్నాయని తేలింది. 1999లో ఇది అచ్చయ్యాక మా రంగం ఆలోచనే మారింది. కొన్ని దూరం పోతాయి, కొన్ని ఇంటికి వస్తాయి. కాపాడినవాడికి వాటా ఉంటుంది.

అపోహ: చిన్నచేపను వదిలి పెద్దచేపను ఎంత పట్టినా తప్పులేదు.

వాస్తవం: ఇది సగం నిజం, అందుకే దీనితో ఎక్కువ నష్టం. చిన్నదాన్ని వదలాల్సిందే. కానీ చేపల్లో పెద్ద తల్లి విలువ దాని బరువుతో తూచేది కాదు. 61 సెంటీమీటర్ల రెడ్ స్నాపర్ తల్లి ఒక్కటి, 42 సెంటీమీటర్ల తల్లులు 212 కలిసి పెట్టినన్ని గుడ్లు పెడుతుందని లెక్క కట్టారు.

ఇంకో చిక్కు ఉంది. దిబ్బ చేపల్లో చాలా జాతులు బతుకు మధ్యలో మగ ఆడ మారతాయి. గ్రూపర్లనే పెద్ద దిబ్బచేపల్లో చాలావరకు ముందు ఆడవి, పెరిగాక మగవి అవుతాయి. పెద్దవాటినే ఏరి పట్టుకుంటూ పోతే ఆ దిబ్బ మీద మగచేప కరువవుతుంది. అప్పుడు నా పలక మీద అంకె బాగానే కనిపిస్తుంది, సంతానం మాత్రం దెబ్బతింటుంది.

దీనికి మన ఇంటి ఉదాహరణ పండుగప్ప. అది గ్రూపర్‌కు తిరగబడి నడుస్తుంది: మొదట మగ, ఏళ్ళు గడిచి బరువెక్కాక ఆడ. చెన్నైలోని కేంద్ర ఉప్పునీటి చేపల పెంపకపు పరిశోధన సంస్థ సీబా 1997లో దీన్ని హేచరీలో పొదిగించింది కాబట్టి చెరువుల వాళ్ళకు పిల్ల దొరుకుతోంది. పెన్నా మొగలో, కండలేరు పాయలో సహజంగా పెరిగే పండుగప్పకు ఆ ఆసరా లేదు. అక్కడ పడే భారీ పండుగప్ప దాదాపు ఎప్పుడూ తల్లే. దానికి ధర బాగా పలుకుతుంది, పట్టినవాడిని నేను తప్పుపట్టను. కానీ అన్ని మొగల్లోనూ తల్లులన్నీ పోతే ఆ తర్వాత సంగతి ఎవరైనా ఊహించగలరు.

అపోహ: నీరు వేడెక్కి, ఒంట్లోని నాచు పోయి పగడం తెల్లబడితే చేపలు వెంటనే చచ్చిపోతాయి.

వాస్తవం: పగడమే తిని బతికేవి త్వరగానే తగ్గుతాయి. మిగతావి చాలాకాలం అక్కడే తిరుగుతాయి, ఎందుకంటే చచ్చిన పగడానికీ గూళ్ళు, సందులు ఉంటాయి. 1998 వేడికి సీషెల్స్ దిబ్బల్లో అదే జరిగింది. ఏళ్ళ తర్వాత ఆ చచ్చిన పగడపు అస్థిపంజరం కూలిపోయాక పిల్లచేపలకు దాక్కునే చోటు లేకుండా పోయింది. పెద్దవి ఇంకా కనిపిస్తున్నాయి, చిన్నవి తగ్గిపోయాయి.

అపోహ: ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట ఆపుతున్నాం, అది చాలు.

వాస్తవం: ఆ నిషేధం మంచిదే, ఉండాల్సిందే. కానీ అన్ని చేపలూ ఆ రెండు నెలల్లోనే గుడ్లు పెట్టవు. కరీబియన్‌లో నాసావ్ గ్రూపర్లు చలికాలపు పున్నమి రోజుల్లో చుట్టుపక్కల దిబ్బలన్నింటి నుంచీ ఒకేచోటికి చేరతాయి. లిటిల్ కేమన్ దీవి దగ్గర ఆ చోటు 2001లో పడవల కంట పడింది. రెండు చలికాలాల్లో దాదాపు 4,000 చేపలు పట్టేశారు. వాళ్ళకు కనిపించింది తరగని రాశి. నిజానికి అది దీవి మొత్తం మీద ఉన్న తల్లీతండ్రీ. 2003లో ఆ వేట ఆపాక, ఏళ్ళు పట్టినా, సంఖ్య మూడింతలు దాటింది.

అపోహ: సిమెంటు గూళ్ళు దించితే చేప పుడుతుంది.

వాస్తవం: పెద్దాయన ప్రశ్న ఇదే. ప్రధానమంత్రి మత్స్య సంపద యోజన కింద ఈ గూళ్ళనే కృత్రిమ రీఫుల పేరుతో దించుతున్నారు కాబట్టి దీన్ని మన పాలేల్లో నెమ్మదిగా మాట్లాడుకోవాలి. గూళ్ళు దించిన కొన్నాళ్ళకే వాటి చుట్టూ చేప చేరుతుంది, ఫొటోలూ బాగా వస్తాయి. ఆ చేపలో ఎక్కువభాగం పక్క నేల నుంచి నడిచొచ్చింది. పిల్లచేపకు దాక్కునే చోటు లేకపోవడమే అక్కడి కొరత అయితే గూళ్ళు నిజంగా సంతతిని పెంచుతాయి. తల్లిచేపే కరువైన చోట, చెదురుమదురుగా ఉన్న చేపను ఒకచోట పోగేసి వలకు సులువు చేస్తాయి.

వస్తువు కూడా చూడాలి. అమెరికాలోని ఫ్లోరిడా తీరంలో 1970లలో చేపల కోసమని సుమారు 20 లక్షల పాత టైర్లు దించారు. కట్లు తెగి అవి అలలకు కదిలి, పక్కనున్న అసలు దిబ్బను చితక్కొట్టాయి. మన దగ్గర నదీమొగల పక్కన అడుగు మెత్తటి బురద. బరువైన దిమ్మ అందులోకి కూరుకుపోతుంది. ఇసుక గట్టిగా ఉన్న చోటు ఎక్కడుందో వలలు లాగే మన వాళ్ళకు తెలిసినంత ఎవరికీ తెలియదు. స్థలం తేల్చేటప్పుడు వాళ్ళను కూర్చోబెట్టుకోవాలి.

గూళ్ళు దిగాక వాటి మీద ఎవరు, ఏ వల వేస్తారన్నది అంతకన్నా పెద్ద ప్రశ్న. మన పాలేల్లో దురాయి, అంటే ఊరి కట్టుబాటు, ఉంది. పెద్దలు కూర్చుని ఒక మాట అనుకుంటే ఊరు దాటదు. గూళ్ళ చుట్టూ వల వేయకూడదు, గాలం మాత్రమే, మొదటి రెండేళ్ళు అదీ వద్దు అని దించకముందే పక్క పాలేలతో కలిసి దురాయి కట్టుకుంటే బాగుంటుందని ఆ పెద్దాయనకు చెప్పాను. మరబోట్ల వాళ్ళు ఆ మాట వింటారా అని ఆయన అడిగాడు. అందుకే ఆ కట్టుబాటును మత్స్యశాఖ చేత కూడా కాగితం మీద పెట్టించుకోవాలి, గూళ్ళున్న చోటికి గుర్తు బోయలు వేయించుకోవాలి. ఈ రెండూ అడగాల్సింది దిమ్మలు ఒడ్డున ఉండగానే.